భివండి వానకు నిలిచే రంగు

*బయటి గోడకు ఏ రంగు వేస్తే ఎక్కువ కాలం ఉంటుంది, ఎందులో డబ్బు ఆదా అవుతుంది? కొంకణ్ వాన, సాంచాల దూది, సైజింగ్ పొగ మధ్య బతికే తెలుగు పేటల గోడలు చెప్పే లెక్క.*

వానలు తెరిపి ఇస్తాయి, దసరా దగ్గర పడుతుంది. మహారాష్ట్రలోని భివండి పద్మనగర్‌లో ఇంటింటా చూపు గోడ మీదికి మళ్లే రోజులివి. కిటికీ సజ్జ కింద నల్లటి చారలు కారి ఉంటాయి. నేల నుంచి మోకాలెత్తు వరకు పచ్చటి పాచి. పడమటి గోడ మీద నిరుడు వేయించిన గులాబీ రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంటుంది. ఒక పొక్కును బొటనవేలితో నొక్కితే చిట్లి చుక్క నీరు కారుతుంది, వెంటే ఉప్పులాంటి తెల్లటి పొడి రాలుతుంది. కింద సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగదు. పండుగకు పది రోజులే ఉంది. పెయింటర్ నిచ్చెన వేస్తాడు, ఆ తడి గోడ మీదే కొత్త రంగు పడుతుంది. పై ఏడాదికి అక్కడే మళ్లీ పొక్కు.

రంగుల బజారు ఇప్పుడు ఎన్నడూ లేనంత సందడిగా ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆదిత్య బిర్లా గ్రూపుకు చెందిన గ్రాసిమ్ 'బిర్లా ఓపస్' పేరుతో బరిలోకి దిగింది. 2025 జూన్‌లో డ్యూలక్స్ రంగుల సంస్థ అక్జో నోబెల్ ఇండియాను కొంటున్నట్టు జేఎస్‌డబ్ల్యూ పెయింట్స్ ప్రకటించింది. ఏషియన్ పెయింట్స్, బెర్జర్, నెరోలాక్ తమ చోటు వదులుకునే రకం కాదు. తగ్గింపులు, ఎక్కువ పరిమాణం, ఏళ్ల తరబడి వారంటీలతో దుకాణాల ముందు బోర్డులు నిండిపోయాయి. కొనేవాడి ప్రశ్న మాత్రం పాతదే: తక్కువలో అయిపోవాలి, ఎక్కువ రోజులు ఉండాలి. దీనికి జవాబు సగమే డబ్బాలో దొరుకుతుంది. మిగతా సగాన్ని గోడలో వెతుక్కోవాలి.

కరీంనగర్ గోడ వేరు, భివండి గోడ వేరు

తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే నేత పని వెతుక్కుంటూ భివండికి వచ్చాయి. పద్మనగర్, కామత్‌ఘర్ లాంటి పేటల్లో తెలుగు దుకాణాల బోర్డులు, మార్కండేయుడి గుడి, బతుకమ్మ ఆటలు ఈ ఊళ్లో కొత్త కాదు. వచ్చినవాళ్లు చాలామంది రంగుల విషయంలో ఊరి అలవాటే తెచ్చుకున్నారు. అంటే పండుగకు ముందు గోడకు వెల్ల, అరుగుకు జాజు. అక్కడ అది సరిపోయింది. కరీంనగర్ ప్రాంతంలో ఏడాదికి కురిసేది 900 మిల్లీమీటర్ల పైచిలుకు. భివండి ఉన్న ఠాణే జిల్లాలో సగటు వాన 2,500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అక్కడ వాన పడి వెలిసిపోతుంది. ఇక్కడ గోడ ఆరకముందే మరో జల్లు తగులుతుంది.

వాన అన్ని గోడలనూ ఒకేలా కొట్టదు. నైరుతి గాలి నేరుగా తాకే పడమర, దక్షిణ గోడలకు దెబ్బ ఎక్కువ. ఉత్తరపు గోడకు ఎండ తక్కువ కాబట్టి పాచి అక్కడ ముందు పడుతుంది. ఇల్లంతటికీ ఒకే రంగు, ఒకే రెండు పూతలు అని మాట్లాడుకోవడం వల్ల పడమటి గోడకు తక్కువైపోతుంది. అక్కడ మూడో పూత వేయించడానికి పడే ఖర్చు ఇల్లంతటికీ ఖరీదైన రంగు కొనే ఖర్చులో చిన్న భాగం.

దీనికి తోడు ఈ ఊరి సొంత కష్టాలు రెండు. ఒకటి దూది నూగు. సాంచాల షెడ్ల నుంచి ఎగిరే నూగు కిటికీ ఊచలకు, సజ్జలకు, గరుకు గోడకు పట్టుకుంటుంది. వాన పడితే తడిని పీల్చుకుని పాచికి పరుపవుతుంది. రెండోది మసి. పడుగు నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానాల బాయిలర్ల నుంచి వచ్చే పొగ పక్క గోడల మీద జిడ్డు పొరలా కూర్చుంటుంది. ఆ పొర మీద ఎంత మంచి రంగు వేసినా గోడను పట్టుకోదు, పొరనే పట్టుకుంటుంది. పొర ఊడితే రంగూ ఊడుతుంది.

సున్నం నుంచి ఎమల్షన్ దాకా

సున్నం అన్నింటికన్నా చవక. గోడ మీద పడ్డాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. గోడలోని తడిని బయటికి పోనిస్తుంది కూడా. పాత సున్నపు గచ్చుతో కట్టిన ఇళ్లకు ఈ గుణం మేలు చేస్తుంది. అలాంటి గోడకు నీరు చొరని మందపు రంగు పూస్తే లోపలి తడి లోపలే చిక్కుకుని గచ్చునే పెచ్చులుగా నెట్టేస్తుంది. అయితే కొంకణ్ వానకు సున్నం ఒక్క ఏడాది నిలిస్తే గొప్ప. ఏటా చేసుకునే ఓపిక, ఇంట్లో చేతులు ఉన్నవాళ్లకే అది చవక.

తర్వాతిది సిమెంటు రంగు. తయారుచేసే సంస్థ ఏదైనా జనం నోట అది 'స్నోసెం'. తెల్ల సిమెంటులో రంగు పొడి కలిపి అమ్ముతారు, దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 5410. దీన్ని చెడగొట్టేది తొందరే. నీళ్లు కలిపిన పొడిని గట్టిపడకముందే వాడేయాలి. గట్టిపడ్డదానికి మళ్లీ నీళ్లు పోసి వాడితే పట్టు ఉండదు. వేసే ముందు గోడను తడపాలి. వేసిన మర్నాటి నుంచి రెండు మూడు రోజులు నీళ్లు చిలకరించాలి. ఉప్పు బోరు నీళ్లు కలిపితే తెల్లటి మరకలు పడతాయి, తాగే నీళ్లే వాడాలి. ఇవన్నీ చేస్తే గరుకు ప్లాస్టరు మీద సిమెంటు రంగు మర్యాదగానే ఉంటుంది. కూలీల చేత మూడు రోజులు నీళ్లు చల్లించే ఇల్లు ఎక్కడైనా ఉందా అన్నది వేరే మాట. పైగా పాత ఎమల్షన్ మీద దీన్ని వేయకూడదు, పట్టదు.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది యాక్రిలిక్ ఎమల్షన్. ఇందులో నాలుగు సరుకులు: గోడను పట్టుకునే జిగురు, కప్పే తెల్లదనం ఇచ్చే టైటానియం డయాక్సైడ్, పరిమాణం పెంచే సుద్ద, టాల్క్ లాంటి పొడులు, పాచి, బూజు పట్టకుండా వేసే మందులు. మిగిలింది నీరు. ఖరీదైన డబ్బాలో జిగురు, టైటానియం ఎక్కువ. చవక డబ్బాలో సుద్ద ఎక్కువ. సుద్ద ఎక్కువైన రంగును రెండేళ్ల తర్వాత అరచేత్తో రాస్తే పిండి అంటుకుంటుంది. ఎండకు జిగురు చచ్చిపోయి పొడి మిగిలిందని దానర్థం. జిగురులోనూ తేడా ఉంది. స్టైరీన్ కలిపిన యాక్రిలిక్ చవక, కానీ ఎండకు త్వరగా పసుపెక్కి పొడిబారుతుంది. స్టైరీన్ లేని యాక్రిలిక్ ఎక్కువ కాలం తట్టుకుంటుంది.

అన్నింటికన్నా పై రకాలు వెంట్రుకంత పగుళ్ల మీద సాగే గుణమున్న రంగులు, పదేళ్లకు పైగా వారంటీ చెప్పేవి. సాంచాల అదురుకు ప్లాస్టరు మీద సన్నటి గీతలు పడే ఈ ఊళ్లో సాగే రంగుకు పని ఉంది. ఒక ఇబ్బంది లేకపోలేదు. సాగే రంగుల్లో కొన్ని మెత్తగా ఉండి ధూళిని, నూగును పట్టేసుకుంటాయి. కొనేటప్పుడు 'దుమ్ము పట్టనిది' అన్న గుణం కూడా ఉందో లేదో అడగాలి. మెయిన్ రోడ్డు పక్కనున్న ఇంటికి ఇది సాగే గుణం కన్నా ముఖ్యం.

> ఇదీ సంగతి
>
> • ఏషియన్ పెయింట్స్ 1942లో ముంబైలో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన సంస్థ. చేతిలో రంగు డబ్బా, కుంచె పట్టుకున్న దాని 'గట్టూ' బొమ్మను 1954లో గీసింది కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్.
>
> • ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న కేంద్ర నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు నాటి తలుపులు, ఊచల ఆయిల్ పెయింటును పొడిగా గీకకూడదు. తడిపి రుద్దాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి.
>
> • 2018 జూలైలో రంగులు, వార్నిష్‌ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు.

ఖర్చు ఎక్కడ పోతుంది?

గోడ రంగు బేరమంతా లీటరు ధర చుట్టూ తిరుగుతుంది. నిజానికి రెండంతస్తుల ఇంటికి రంగు వేయిస్తే బిల్లులో పెద్ద వాటా పరంజా, గీకుడు, ప్రైమరు, కూలీలది. ఆ ఖర్చు చవక రంగుకూ ఖరీదైన రంగుకూ ఒకటే. చవక రంగు రెండేళ్లకే పోతే మళ్లీ కట్టాల్సింది రంగు ధర ఒక్కటే కాదు, పరంజా కర్రల అద్దె కూడా.

కప్పే శక్తిలోనూ మోసపోతారు. నునుపైన గోడ మీద మంచి ఎమల్షన్ లీటరుకు రెండు పూతల్లో 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. సుద్ద ఎక్కువున్న రంగు అంత రాదు. ఇసుక తేలిన గరుకు గోడ మీద ఏదైనా తగ్గుతుంది. కాబట్టి దుకాణంలో అడగాల్సింది లీటరు ఎంత అని కాదు, రెండు పూతలకు అడుగుకు ఎంత పడుతుందని.

> కాగితం మీద లెక్క
>
> (ధరలు, ఏళ్లు ఉదాహరణ కోసం అనుకున్నవి. గోడ 1,500 చదరపు అడుగులు. పరంజా, కూలీ, ప్రైమరు కలిపి అడుగుకు ₹15 చొప్పున ₹22,500.)
>
> చవక రంగు: లీటరు ₹180, 40 అడుగుల చొప్పున 37.5 లీటర్లు, ₹6,750. మొత్తం ₹29,250. మూడేళ్లు నిలిస్తే ఏడాదికి ₹9,750.
>
> నడిమి రకం: లీటరు ₹300, 50 అడుగుల చొప్పున 30 లీటర్లు, ₹9,000. మొత్తం ₹31,500. అయిదేళ్లు నిలిస్తే ఏడాదికి ₹6,300.
>
> పై రకం: లీటరు ₹500, 30 లీటర్లు, ₹15,000. మొత్తం ₹37,500. ఏడేళ్లు నిలిస్తే ఏడాదికి సుమారు ₹5,360. గోడ తడి వల్ల మూడేళ్లకే ఊడితే ఏడాదికి ₹12,500.

చివరి వరుసలోని రెండో అంకెను చూడాలి. పై రకం రంగు తడి గోడ మీద అన్నింటికన్నా నష్టం. పొడి గోడ మీద లాభం, కానీ నడిమి రకంతో పోలిస్తే ఆ లాభం పెద్దదేమీ కాదు. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబం నడిమి రకం యాక్రిలిక్ తీసుకుని, మిగిలిన ఆరు వేలను పగుళ్లకు, పైపులకు, ప్రైమరుకు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ముందు గోడ, తర్వాత రంగు

గోడలో తడికి కారణాలు తరచూ రంగుకు సంబంధం లేనివి. బయటి గోడ వెంట దిగే బాత్రూం పైపు కీలు కారుతూ ఉంటుంది. పిట్టగోడ పైభాగం పగిలి వాన నీరు లోపలికి దిగుతుంది. సజ్జకు అడుగున నీరు తెగిపడే గాడి ఉండదు, నీరు తిన్నగా గోడ మీదికి పారుతుంది. ఇక రావి మొలక ఉండనే ఉంది. డ్రైనేజీ పైపు పక్క చీలికలో కాకి వేసిన విత్తనం ఒక్క వానకు మొలుస్తుంది, రెండో వానకు వేరు ఇటుకల మధ్యకు పోతుంది. పెయింటర్ దాన్ని కత్తితో కోసి పైన రంగు పూస్తే మూడు నెలల్లో ఆ రంగును చీల్చుకుని మళ్లీ ఆకు వేస్తుంది. వేరుతో సహా తవ్వి తీసి, ఆ గుంటను పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాల్సిందే.

తడి ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే గోడ ఇంకా సిద్ధం కాలేదు.

పాచిని గీకి వదిలేస్తే సరిపోదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు గానీ, రంగుల సంస్థలే అమ్మే పాచి మందు గానీ పూసి, కాసేపు ఉంచి, గట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి. కార్ఖానా పక్క గోడలకు సబ్బు నీళ్లతో మసి జిడ్డు వదిలించాలి. ఊడుతున్న పాత రంగును పట్టీతో గీకాలి. చేతికి పిండి అంటే చోట ఇసుక కాగితంతో రుద్ది బయటి గోడల ప్రైమరు వేయాలి. ప్రైమరు మానేసి ఆ డబ్బుతో ఇంకో పూత వేస్తామనే బేరానికి ఒప్పుకోకపోవడం మంచిది. కొత్త ప్లాస్టరుకైతే కనీసం 28 రోజులు గడువివ్వాలి. సిమెంటులోని క్షారం తగ్గకముందే రంగు వేస్తే మచ్చలు, వెలిసిన చారలు తప్పవు.

లప్పం విషయంలో తెలుగు పెయింటర్లకూ ఇంటివాళ్లకూ ఒక మోజుంది. గోడ అద్దంలా ఉండాలి. లోపలి గదులకు అది బాగుంటుంది. వాన కొట్టే బయటి గోడకు మందంగా లప్పం పెడితే రంగు కన్నా ముందు లప్పమే పెచ్చులూడుతుంది. తప్పనిసరైతే తెల్ల సిమెంటు లప్పమే, అదీ పలచగా వాడాలి. యాక్రిలిక్ లప్పం లోపలికి మాత్రమే.

రంగు దాచకూడని పగుళ్లు

వెంట్రుక గీతకు నింపుడు పేస్టు చాలు. అంతకన్నా వెడల్పయిన దాన్ని కోసుగా తవ్వి పాలిమర్ మోర్టారుతో నింపాలి. స్తంభం వెంట నిలువుగా పడిన పగులు, తుప్పు మరక కారుతున్న కాంక్రీటు, దూలం కింద ఉబ్బిన ప్లాస్టరు మాత్రం పెయింటర్ చూడాల్సినవి కావు. అక్కడ లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోంది. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున భివండిలోని పటేల్ కాంపౌండ్‌లో జిలానీ భవనం నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలి దాదాపు 40 మంది చనిపోయారు. సాంచాల పని మీద బతికే కుటుంబాలు ఉండే భవనం అది. ఏటా వానకాలానికి ముందు ప్రమాదకర భవనాలకు మునిసిపల్ కార్పొరేషన్ నోటీసులిస్తుంది. 30 ఏళ్లు దాటిన భవనాలకు ఇంజినీరు చేత పటిష్ఠత పరీక్ష చేయించాలని మహారాష్ట్ర మునిసిపల్ చట్టం చెబుతుంది. అద్దె ఇళ్లలో చిక్కు ఇక్కడే. తక్కువ అద్దె వచ్చే పాత భవనానికి యజమాని ఖర్చు పెట్టడు, ఖాళీ చేస్తే మళ్లీ చోటు దొరకదేమోనని కిరాయిదారు నోరెత్తడు. ఇద్దరికీ నచ్చే మధ్యేమార్గంగా రంగు పడుతుంది. అలాంటి చోట కొత్త రంగు పగులును ఇంకో రెండేళ్లు కళ్లకు కనబడకుండా చేస్తుంది, అంతకుమించి చేసేదేమీ లేదు.

ఎప్పుడు వేయించాలి, ఎవరితో?

పండుగ లెక్క, గోడ లెక్క కలవవు. దసరా, దీపావళి నాటికి గోడ లోపలి తడి ఇంకా పోదు. డిసెంబరు నుంచి మే దాకా భివండిలో బయటి గోడలకు మంచి కాలం. పండుగకు వాకిలి ముందు గోడ ఒక్కటి శుభ్రం చేసుకుని, మిగతా ఇంటిని సంక్రాంతి తర్వాతకు పెట్టుకునే కుటుంబానికి ఇంకో లాభం కూడా ఉంది. పండుగ ముందు దొరకని పెయింటర్ అప్పుడు దొరుకుతాడు, కూలీ బేరమూ కుదురుతుంది. మండుటెండలో కాలుతున్న గోడ మీద మాత్రం వేయించకూడదు. నీరు ముందే ఆవిరై రంగు పొర సరిగ్గా కట్టుకోదు. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ అన్నట్టు నీడను వెంబడించాలి. పక్కనే షెడ్డు ఉంటే సాంచాలు బందుండే రోజున ఆ వైపు గోడ పని పెట్టుకోవాలి, లేకపోతే తడి రంగు మీద నూగు దిగి గోడ గొంగళిలా తయారవుతుంది.

పెయింటర్ ఏ కంపెనీ పేరు చెబితే ఆ డబ్బా కొనడం మామూలు. డబ్బా లోపలి టోకెన్లు, మూత మీది క్యూఆర్ కోడ్‌లతో పెయింటర్లకు సంస్థలు కానుకలిస్తాయి. ఇందులో దొంగతనమేమీ లేదు, రోజు కూలీకి అది అదనపు ఆసరా. ఇంటివాళ్లు ఈ సంగతి తెలిసి ఎంచుకుంటే చాలు. నీళ్లు కలిపేటప్పుడు మాత్రం దగ్గరుండాలి. డబ్బా మీద రాసిన కొలతకు మించి నీళ్లు పోస్తే ఎంత ఖరీదైన రంగైనా చవక రంగు కింద లెక్క. పూతకూ పూతకూ మధ్య నాలుగైదు గంటలు ఆరనివ్వాలి. మూడంతస్తుల గోడ మీద తాడుకు కట్టిన ఝూలా పలక మీద కూర్చుని పనిచేసే మనిషికి నడుముకు వేరే రక్షణ తాడు ఉండేలా బేరంలోనే మాట్లాడుకోవాలి. అది కాంట్రాక్టర్ చూసుకుంటాడులే అని వదిలేసే ఇళ్లే ఎక్కువ.

ఏ రంగు ముందు వెలుస్తుంది?

ఎండకు అన్ని వన్నెలూ ఒకేలా వెలవవు. కావి, గోధుమ, బూడిద, పసుపు మట్టి వన్నెలు ఇనుప ఆక్సైడ్ల నుంచి వస్తాయి, చాలాకాలం నిలుస్తాయి. మెరిసే ఎరుపు, నిమ్మ పసుపు, ఊదా, గులాబీ వన్నెలు ముందు పాలిపోతాయి. పైగా యంత్రంలో ముదురు వన్నె కలిపిస్తే ధర పెరుగుతుంది. మసి, దుమ్ము ఉన్న వీధిలో తెల్లటి గోడ ఆరు నెలలకే మాసిపోతుంది. లేత బూడిద, ఇసుక వన్నెల మీద మాపు అంతగా కనబడదు. నేల నుంచి మూడడుగుల వరకు ముదురు కావి పట్టీ వేసే మన ఊళ్ల పాత పద్ధతి ఇక్కడి బురద చిందులకు సరిగ్గా సరిపోతుంది.

వేశాక చేసేవి

బిల్లు, వన్నె కోడు, డబ్బా మూత మీది బ్యాచి నంబరు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. వారంటీ పత్రంలో మూడు విషయాలు చదవాలి: పెచ్చులూడటం, పాచితో పాటు వెలిసిపోవడం కూడా అందులో వస్తుందా, సంస్థ చెప్పిన ప్రైమరే వాడాలన్న షరతు ఉందా, గోడలోని తడి వల్ల ఊడితే బాధ్యత ఎవరిది. చాలా వారంటీల్లో కొత్త రంగు మాత్రమే ఇస్తారు, పరంజా, కూలీ ఇంటివాళ్లవే.

మొదటి వానకాలం అయ్యాక సజ్జల మీద పేరుకున్న నూగును ఊడ్చి, గోడను పైపు నీళ్లతో మెత్తగా కడిగిస్తే పాచి నిలదొక్కుకోదు. మిగిలిన లీటరు రంగును మూత బిగించి ఎండ తగలని చోట దాస్తే, పైపు మరమ్మతు చేయించిన చోట అతుకు వేయడానికి అదే వన్నె చేతిలో ఉంటుంది. వాడేముందు వాసన చూడాలి. కుళ్లు వాసన వస్తే ఆ రంగు పాడైనట్టే, గోడకు పనికిరాదు.